ఒక్క ప్రాసెసర్ కోసం 78,000 అప్పా?

ప్రశ్న: మాది అనంతపురం. మావారు పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తారు. మిక్సింగ్ నేను ఇంట్లో చేస్తాను. 2019లో కొన్న కంప్యూటర్‌లో రైజెన్ 5 2600 ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే చిప్), దాన్ని అమర్చే బీ450 మదర్‌బోర్డు ఉన్నాయి. ఒక పెళ్లి వీడియో రెండర్ కావడానికి, అంటే మిక్సింగ్ చేసిందంతా కలిసి ఒక ఫైలుగా తయారు కావడానికి, రాత్రంతా పడుతోంది. పాతదానికి విండోస్ 11 రాదని, కొత్త సెట్ కొనమని దుకాణంలో చెబుతున్నారు. ధర 78,000. 16 శాతం వడ్డీకి ఏడాది వాయిదాలు. కొనమంటారా?

జవాబు: అమ్మా, ఆ వాయిదాల కాగితం మీద అప్పుడే సంతకం పెట్టకండి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిన మాట నిజమే. కానీ విండోస్ 11 కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాలో మీ 2600 ఉంది. బయోస్‌లో (కంప్యూటర్ మొదలవగానే నడిచే, బోర్డులోని ప్రోగ్రాం) టీపీఎం, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా సెట్టింగులు ఆన్ చేయిస్తే చాలు.

ఇక అసలు లెక్క. మీరు నిద్రపోతుండగా సాగే రెండరింగ్ ఆరు గంటల నుంచి మూడుకు తగ్గినా ఇంటికి అదనంగా రూపాయి రాదు. ఒకే ముహూర్తానికి మూడు పెళ్లిళ్లు పడి, గడువుకు ఇవ్వలేమని పని వదులుకుని ఉంటే, నష్టం అక్కడ ఉంది. పోయిన మాఘ ఫాల్గుణాల పుస్తకం తీయండి. వదులుకున్న పనులు, బయట మిక్సింగ్‌కు కట్టిన డబ్బు, ఆలస్యమైందని పెళ్లివారు తగ్గించి ఇచ్చిన మొత్తం కూడండి. వేగం పెరిగితే మీకు మిగిలేది అంతే. ఆ మొత్తం కొత్త ప్రాసెసర్ ధరను దాటకపోతే ఈ ఏడాది ఏమీ కొనవద్దు.

దాటితే, ఈ రాత్రి రెండర్ పెట్టి టాస్క్ మేనేజర్ (ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపే విండోస్ ప్రోగ్రాం) తెరవండి. రంగులు, ఎఫెక్టులు ఎక్కువగా వేసిన తలంబ్రాల భాగం నడుస్తున్నప్పుడు కాసేపు కూర్చుని చూడండి. డిస్క్ 100 శాతం దగ్గర నిలిచిపోతే మీకు కావలసింది మరింత వేగమైన డిస్క్, అంటే ఎస్‌ఎస్‌డీ. మెమరీ నిండిపోతే అదనపు ర్యామ్ (పని జరుగుతున్నప్పుడు వాడే మెమరీ). సీపీయూ, అంటే ప్రాసెసర్, 100 దగ్గరే ఉంటే, ముందు మీ సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫిక్స్ కార్డుతో ఎన్‌కోడ్ చేసే (వీడియోను ఫైలుగా మార్చే) సెట్టింగు ఆన్‌లో ఉందేమో చూసుకోండి. దానికి పైసా ఖర్చు లేదు.

అప్పటికీ చాలకపోతే ప్రాసెసర్ ఒక్కటే మార్చండి. రైజెన్ 7 5700ఎక్స్ మీ బోర్డు సాకెట్‌లోనే కూర్చుంటుంది. ఆరు కోర్ల (ఒకేసారి పని పంచుకునే భాగాల) స్థానంలో ఎనిమిది వస్తాయి. ఇంకా కొత్తవైన రైజెన్ 7000, 9000 సిరీస్‌లకైతే బోర్డు, డీడీఆర్5 రకం ర్యామ్ కూడా కొత్తవి కావాలి. సెట్ ధర అంత పెరగడానికి అదొక కారణం. 5700ఎక్స్ పెట్టెలో ఫ్యాన్ రాదు, మీ పాతది సరిపోతుందేమో అడగండి. పాత ప్రాసెసర్ తీయకముందే బయోస్ అప్‌డేట్ చేయించండి, అదీ యూపీఎస్ మీదే. మధ్యలో కరెంటు పోతే బోర్డే పాడవుతుంది.

వాయిదాలకైతే నెలకు దాదాపు 7,080 కట్టాలి, ఏడాదికి వడ్డీయే 6,900 దాటుతుంది. మూఢంలో ఒక్క పెళ్లి లేకపోయినా వాయిదా ఆగదు. పన్నులో కలిసొస్తుందనీ అనుకోవద్దు. అంచనా లాభం పద్ధతిలో (రాబడిలో నిర్ణీత శాతాన్ని లాభంగా చూపి) రిటర్ను వేసేవారికి కంప్యూటర్ తరుగుదల, అంటే ఏటా తగ్గే విలువ, విడిగా తీసేయడానికి ఉండదు. లెక్కల పుస్తకాలు రాసేవారికే ఏటా 40 శాతం తరుగుదల.

మార్చేది ఆషాఢంలో మార్చండి. ఏదైనా తేడా వచ్చినా శ్రావణం పెళ్లిళ్లలోపు సరిచేయించుకోవచ్చు.