కొత్త కోస్టర్ ఎక్కబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

కొత్త రోలర్ కోస్టర్ తెరిచిన మొదటి వారంలోనే వెళ్తున్నానని రాశావు. చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. దాంతోపాటే నీ తికమక కూడా రాశావు. ముందే ఎక్కొచ్చినవాళ్లలో సగం మంది "ఇంతకు మించిన రైడ్ లేదు" అంటున్నారు, మిగతా సగం "ఇంత హడావుడీ దీనికోసమా" అంటున్నారు, ఎవరిని నమ్మాలో తెలియడం లేదు అని. ఎవరినీ నమ్మకు, ఎవరినీ కొట్టిపారేయకు. ముప్పై ఏళ్లకు పైగా కోస్టర్లు ఎక్కుతున్నాను అమ్మలూ. మొదటి వారంలో వినిపించే మాటల్లో అబద్ధాలు తక్కువే. కాకపోతే ఒకరు ఒక సీట్లో, ఒక పూట, ఒక్కసారి ఎక్కి వచ్చి అదే మొత్తం రైడ్ అన్నట్టు చెబుతారు. అందరూ తిరిగింది ఒకే ట్రాక్ మీద. అందరికీ దొరికిన రైడ్ మాత్రం ఒకటి కాదు.

ఈ సంగతి నాకు ఒక తప్పు చేశాకే తెలిసింది. చాలా ఏళ్ల కిందట ఒక కొత్త కోస్టర్ తెరిచిన రెండో రోజు పొద్దున్నే, గేట్లు తీయగానే పరుగెత్తి, మధ్య వరుసలో దొరికిన సీట్లో ఎక్కాను. దిగి, "చప్పగా ఉంది, అంత దూరం పోవడం దండగ" అని తెలిసినవాళ్లందరికీ చెప్పేశాను. నా మాట మీద ఇద్దరు స్నేహితులు ప్రయాణం మానుకున్నారు. కొన్ని నెలల తర్వాత వేరే పని మీద అటు వెళ్లి, చీకటి పడ్డాక అదే కోస్టర్ చివరి వరుసలో ఎక్కాను. మొదటి డ్రాప్, అంటే పెద్ద దిగుడు, అంచు దగ్గర సీటు నా కింద నుంచి జారిపోయింది. తొడలు వెళ్లి వాటిని పట్టి ఉంచే లాప్ బార్‌కి ఒత్తుకున్నాయి, గొంతులోంచి అరుపు కూడా రాలేదు. కిందికి దిగాక రెయిలింగ్ పట్టుకుని కాసేపు నిలబడిపోయాను. అదే ట్రాక్, అదే ట్రైన్. ఆ రాత్రే స్నేహితులిద్దరికీ ఫోన్ చేసి నాదే పొరపాటని చెప్పాను. కానీ వాళ్లు మానుకున్న ప్రయాణాన్ని నేను తిరిగి ఇవ్వలేను కదా. అందుకే నీకు ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

మొదటి సంగతి సీటు. మిగతావన్నీ దీని తర్వాతే. ట్రైన్‌లో పెట్టెలన్నీ ఒకదానికొకటి బిగించి ఉంటాయి కాబట్టి ఏ క్షణంలో చూసినా అన్నిటి వేగం ఒకటే. కానీ ఆ వేగం ఒక్కో పెట్టెకు ట్రాక్ మీద ఒక్కో చోట అందుతుంది. ముందు పెట్టె అంచు దాటేటప్పుడు ట్రైన్ బరువంతా ఇంకా వెనక ఎక్కుతూనే ఉంటుంది. అందుకని ముందు వరుసలో కూర్చుంటే మెల్లగా అంచు మీదికి వాలి, కింద నేల కనిపిస్తుండగా వేలాడుతూ ఉంటావు. ఆ ఒకటి రెండు క్షణాలు ఎంత పొడుగ్గా ఉంటాయో! చివరి పెట్టె అంచుకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ముందున్న బరువంతా కిందికి లాగుతుంటుంది, ట్రైన్ అప్పటికే వేగం అందుకుని ఉంటుంది. చివరి వరుసవాళ్లని కొండ మీంచి గుంజి పారేసినట్టు తీసుకుపోతుంది. మధ్య వరుసల్లో ఈ రెండూ తక్కువే. చప్పగా ఉందన్నవాళ్లని "ఏ వరుసలో కూర్చున్నారు?" అని అడిగి చూడు, సగం తగువులు అక్కడే తేలిపోతాయి.

కాబట్టి కనీసం మూడుసార్లు ఎక్కు. ముందు వరుస ఒకసారి, చివరి వరుస ఒకసారి, ఇంకొకటి నీ ఇష్టం. ముందు వరుసకి విడిగా క్యూ ఉంటే, అది ఎంత పొడుగున్నా ఒక్కసారి నిలబడు. చెక్క కోస్టర్ అయితే ఇంకో తేడా కూడా ఉంటుంది: ఇరుసు మీదికి వచ్చే సీట్లలో కుదుపు ఎక్కువ, ఇరుసుకు దూరంగా ఉన్న సీట్లలో తక్కువ. నడుము నొప్పి మనుషులకి ఇది చాలా పెద్ద తేడా.

రెండోది పూట. చక్రాల అంచులకు సాధారణంగా పాలియురెథేన్ ఉంటుంది, బేరింగుల్లో గ్రీజు ఉంటుంది. రాత్రంతా చల్లబడ్డవి పొద్దున బిగుసుకుని ఉంటాయి. ట్రైన్ తిరిగేకొద్దీ వేడెక్కి, సాయంత్రానికి చురుగ్గా పరుగెడతాయి. సీట్లన్నీ నిండిన ట్రైన్ కూడా ఖాళీ ట్రైన్ కన్నా వేగంగా పోతుంది. బరువు పెరిగినంతగా గాలి అడ్డుకోవడం పెరగదు మరి. అందువల్ల పొద్దున్నే ఖాళీగా ఉందని నాలుగుసార్లు ఎక్కేసి, మధ్యాహ్నానికే ఇంటికి పోయినవాళ్ల తీర్పుని పూర్తి తీర్పు అనుకోవద్దు. నువ్వు మాత్రం చీకటి పడ్డాక ఒకసారి ఎక్కకుండా రాకు. ముందు ఏముందో కనిపించనప్పుడు శరీరానికి ముందుగా సిద్ధపడటం కుదరదు. ప్రతి మలుపూ కొత్తగానే తగులుతుంది.

అదే కారణంతో, ముందు సీట్లో కెమెరా పెట్టి తీసిన వీడియోలు చూడకు. చూడకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ మొదటి రైడ్ జన్మలో ఒక్కసారే ఉంటుంది. పైగా ఆ వీడియోలో ఎత్తు కనబడుతుంది, మలుపులు కనబడతాయి, సీట్లోంచి లేవడం మాత్రం కనబడదు. మనకు కావలసింది అదే కదా.

ఇక అంకెల గురించి. ఎన్ని మీటర్ల ఎత్తు, గంటకి ఎన్ని కిలోమీటర్లు అని నీ ఉత్తరంలో వరుసగా రాశావు. నాకూ అంకెలంటే ఇష్టమే. కానీ అంకెలు చూసి రైడ్‌కి మార్కులు వేయకూడదు. 1884లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ స్విచ్‌బ్యాక్ రైల్వే తెరిచినప్పుడు దాని వేగం గంటకు పది కిలోమీటర్లు మాత్రమే. సైకిల్ అంతకన్నా వేగంగా పోతుంది. అయినా జనం ఐదు సెంట్ల టికెట్ కొనుక్కుని బారులు తీరారు. న్యూజెర్సీలో 2005లో తెరిచిన కింగ్డా కా 139 మీటర్ల ఎత్తు, గంటకు 206 కిలోమీటర్ల వేగం. కానీ రైడంతా కలిపి అర నిమిషం. 2025లో దాన్ని కూల్చేశారు. ఒహాయోలో 1979లో తెరిచిన ద బీస్ట్ అనే చెక్క కోస్టర్ ఎత్తు దాంట్లో నాలుగో వంతు కూడా లేదు. రెండు కిలోమీటర్లకు పైగా ట్రాక్, నాలుగు నిమిషాల ప్రయాణం, అడవిలోంచి పోతుంది. దాని కోసం ఇప్పటికీ జనం రాత్రిపూట వరుసలో నిలబడతారు. కింగ్డా కా తక్కువదని నేను అనను, ఆ ఎత్తు చూసి నోరెళ్లబెట్టనివాడు లేడు. కొత్త రైడ్‌కి రికార్డు లేదు కాబట్టి ఎక్కడం దేనికి అనేవాళ్ల మాట మాత్రం అసలు పట్టించుకోకు.

ఇంకా చెప్పాలంటే, పాత కట్టడం మీద కొత్త బుద్ధి పెట్టి చేసినవి కూడా ఉన్నాయి. ఒహాయోలోని సీడర్ పాయింట్‌లో 1991 నుంచి మీన్ స్ట్రీక్ అనే చెక్క కోస్టర్ ఉండేది. కుదుపులు భరించలేక చాలామంది రెండోసారి ఎక్కేవాళ్లు కాదు. దాని చెక్క కట్టడంలో చాలా భాగం ఉంచి, దాని మీద ఉక్కు ట్రాక్ వేసి 2018లో స్టీల్ వెంజెన్స్ అని తెరిచారు. తిట్టినవాళ్లే నెత్తిన పెట్టుకున్నారు. ఆ రైడ్‌లో ఎంత బలంగా గాల్లోకి లేపుతుందంటే, ఫోన్లు జారి పడుతున్నాయని కొంతకాలం క్యూలోకే ఫోన్ తీసుకురానివ్వలేదు. నువ్వు వెళ్లేచోట అలాంటి నియమం లేకపోయినా ఫోన్, కళ్లద్దాలు, తాళాలు లాకర్‌లో పెట్టు. జేబులో ఉన్న వస్తువు మీద ధ్యాస ఉంటే రైడ్ మీద ఉండదు. అది జారిపడితే వెనక కూర్చున్నవాళ్ల మొహానికి తగులుతుంది కూడా.

సీట్లో కూర్చున్నాక వీపు నిటారుగా, తల వెనక్కి ఆనించి పెట్టు. మెడ వదులుగా వదిలేస్తే ప్రతి మలుపులోనూ అటూ ఇటూ కొట్టుకుని సాయంత్రానికి నొప్పి మొదలవుతుంది. తలకిందులు చేసే లూప్‌లోకి దిగేటప్పుడూ, పెద్ద డ్రాప్ అడుగునా శరీరం మూడు నాలుగు రెట్లు బరువెక్కినట్టు ఉంటుంది. కొందరికి కళ్ల ముందు బూడిదరంగు తెర పడుతుంది. తలలో రక్తం కాసేపు కిందికి దిగడం వల్ల అలా అవుతుంది. తొడలు, పిక్కలు, పొట్ట బిగించి, ఊపిరి ఆపకుండా ఉంటే చాలావరకు తగ్గుతుంది. అయినా రెండు మూడుసార్లు వరుసగా అలా అయితే ఆ రోజుకి చాలించు, నీళ్లు తాగి నీడలో కూర్చో. ఖాళీ కడుపుతో ఎక్కకు, నిండా తిని వెంటనే కూడా ఎక్కకు. నీతో వచ్చేవాళ్లలో గుండె జబ్బు, మెడ, వెన్ను బాధలు ఉన్నవాళ్లూ, గర్భిణులూ ఉంటే బతిమాలి ఎక్కించొద్దు.

ఒక మాట గట్టిగా చెబుతాను. గాల్లోకి ఎక్కువ లేవాలని కొందరు బార్ దించేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బించి కూర్చుంటారు, ఖాళీ మిగులుతుందని. మనలో అనుభవమున్నవాళ్లే ఇది నేర్పిస్తారు. నువ్వు నేర్చుకోకు. మనం ఇంత ధైర్యంగా చేతులెత్తి అరుస్తున్నామంటే, ఒక బార్ తొడల్ని పట్టుకుని ఉంది కాబట్టి, ట్రాక్ కింద కూడా చక్రాలున్నాయి కాబట్టి. ఆ కింది చక్రాలకి జాన్ మిల్లర్ అనే ఇంజనీరు 1919లో పేటెంట్ తీసుకున్నాడు. అవే లేకపోతే ట్రైన్ గుట్ట మీద ఎగిరి పట్టాలు వదిలేస్తుంది. సీట్లోంచి గాల్లోకి లేవడాన్ని మనం ఎయిర్‌టైమ్ అని మురిసిపోయేదంతా ఆయన పెట్టిన భిక్షే.

మొదటి వారం కాబట్టి రైడ్ ఆగిపోవచ్చు. ట్రైన్‌ని గొలుసుతో పైకి లాక్కెళ్లే లిఫ్ట్ మీద సగంలో ఆగినా కంగారు పడకు. ట్రాక్‌ని భాగాలుగా విడగొట్టి, ఒక భాగంలో ఒక్క ట్రైన్ మాత్రమే ఉండేలా నడుపుతారు. ముందున్న ట్రైన్ స్టేషన్లో ఆలస్యమైనా, ఏ సెన్సర్‌కి అనుమానం వచ్చినా వెనకది ఆగిపోతుంది. అది చెయ్యాల్సిన పనే చేస్తోంది. చాలా కొత్త కోస్టర్లలో చివర్న ఉండే అయస్కాంతాల బ్రేకులకి కరెంటు కూడా అక్కర్లేదు. క్యూలో రెండు గంటలు నిలబడ్డాక "ఇవాళ్టికి ఇంతే" అంటే బాధేస్తుంది, నిజమే. కానీ ఆ కోపాన్ని రైడ్ మీద నీ అభిప్రాయంలో కలపకు. నిర్వహణ గురించి చెప్పాలంటే విడిగా చెప్పు. అక్కడ ఎండలో నిలబడి బార్లు చెక్ చేసే పిల్లల మీద అరవడం మాత్రం వద్దు.

దిగాక ఏం చెబుతావన్నది కూడా నాకు ముఖ్యమే. "సూపర్", "వేస్ట్" అన్న రెండు మాటలతో ఎవరికీ ఏమీ అందదు. గాల్లోకి లేపిందా? లేపితే మెల్లగా తేలినట్టు ఉందా, లేక సీట్లోంచి విసిరినట్టా? మొదటిదాన్ని ఫ్లోటర్ అంటాం, రెండోదాన్ని ఎజెక్టర్ అంటాం. ఒకరికి నచ్చినది ఇంకొకరికి నచ్చదు. తలకిందులుగా ఉన్నప్పుడు బార్‌కి వేలాడినట్టు ఉంటే అది హ్యాంగ్‌టైమ్. పక్కకి ఒత్తేసిందా, ఏ మలుపులో? రఫ్‌గా ఉందనిపిస్తే ఇంకా జాగ్రత్తగా ఆలోచించు. రైడ్ పొడుగునా సన్నగా జలదరిస్తోందా, ఒకే చోట గట్టిగా కొడుతోందా, లేక బలంగా ఉన్నదాన్నే నువ్వు రఫ్ అంటున్నావా? 1895లో కోనీ ఐలాండ్‌లోనే ఫ్లిప్ ఫ్లాప్ అనే లూప్ కోస్టర్ వచ్చింది. లూప్ చక్కని గుండ్రని చక్రంలా ఉండేది. లోపలికి దూకగానే మెడ మీద భారం ఒక్కసారిగా పడేది. జనం మెడ నొప్పులతో దిగేవాళ్లు. 1976లో కాలిఫోర్నియాలో వచ్చిన రివల్యూషన్ అనే కోస్టర్ నుంచి లూపులు నీటి బొట్టు ఆకారంలో కట్టడం మొదలైంది: వేగం ఎక్కువున్న అడుగున వంపు విశాలంగా, వేగం తగ్గిన పైన వంపు బిగువుగా ఉంటుంది. "ఫలానా చోట మెడ పట్టేసింది" అని ఎక్కినవాళ్లు స్పష్టంగా చెప్పగలిగితే బాగుచేయడానికి దారి దొరుకుతుంది. "బాగాలేదు" అంటే ఏం దొరుకుతుంది?

భయం గురించి నువ్వు రాయలేదు. అయినా చెబుతాను. ఒకసారి స్టేషన్లో నా ముందు పదేళ్ల పిల్లాడు, ఎత్తు సరిపోయిందని అప్పటిదాకా ఎగిరి గంతేసినవాడు, గేటు తెరుచుకోగానే రాయిలా నిలబడిపోయాడు. చేత్తో గేటు రాడ్‌ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. వాళ్ల నాన్న "ఇంతసేపు నిలబడి ఇప్పుడా" అని లాగుతున్నాడు. అక్కడి అమ్మాయి నవ్వుతూ వచ్చి, ట్రైన్‌లోంచి అవతలి వైపుకి దాటి దిగిపోవచ్చని చూపించింది. పిల్లాడు దాటి వెళ్లిపోయాడు. గంట తర్వాత వాడంతట వాడే మళ్లీ క్యూలో కనిపించాడు. నీకూ లిఫ్ట్ గొలుసు టకటకమని వినబడగానే వద్దనిపించవచ్చు. వద్దనిపిస్తే ఆ పూటకి దాటి వచ్చెయ్. కాసేపు కింద నిలబడి రెండు ట్రైన్లు పోవడం చూడు, జనం దిగేటప్పుడు వాళ్ల మొహాలు చూడు.

చివరగా ఒక పని చెయ్యి. మొదటి రైడ్ దిగి లాకర్లోంచి ఫోన్ తీయగానే, ఇతరులు ఏమంటున్నారో చూడకముందే, నాకు నాలుగు ముక్కలు పంపు. ఏ వరుస, ఏ పూట, ఎక్కడ అరిచావు, ఎక్కడ అరుపు ఆగిపోయింది. రాత్రి చివరి వరుసలో ఎక్కాక ఇంకోటి పంపు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను. వచ్చే నెల నేనూ వస్తున్నాను, ముందు వరుసలో నీ పక్క సీటు నాకు ఉంచు.

ఇట్లు,
మీ మావయ్య