బీరువాలో దాచిన పుస్తకం

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. దాని ఫిజిక్స్ రికార్డు అట్టలో ఒక ఇంగ్లీషు నవల దొరికింది. రక్తపిశాచి అయిన అమ్మాయికీ, మామూలు అమ్మాయికీ మధ్య ప్రేమకథ. ‘అద్దంలో నేను కనిపించను, నీకు కనిపిస్తే చాలు’ అన్న వాక్యం కింద పెన్సిలుతో రెండు గీతలున్నాయి. పుస్తకం తీసి బీరువాలో పెట్టాను. అది అడగలేదు, నేను చెప్పలేదు. డాక్టరుకు చూపించి మార్పించమని మా అన్నయ్య అంటున్నారు. ఏం చేయను?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు మీ అన్నయ్యగారి సలహా సంగతి తేల్చేద్దాం. స్వలింగాకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే వ్యాధుల జాబితా నుంచి తొలగించింది. దానిని మారుస్తామంటూ చేసే చికిత్స వైద్యులకు వృత్తిపరమైన దుష్ప్రవర్తనే అవుతుందని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. అలా మారుస్తానని చెప్పే వైద్యుడి గడప తొక్కకండి.

ఇక నవల. అది చదివినంత మాత్రాన మీ అమ్మాయి మనసు ఎటు మొగ్గుతుందో చెప్పలేం. దెయ్యాల కథల మీది సరదాతో చదివి ఉండవచ్చు, స్నేహితురాలు ఇస్తే చదివి ఉండవచ్చు, తన మాటే ఎవరో రాశారనిపించీ చదివి ఉండవచ్చు. ఇటువంటి కథలు ఈనాటివీ కావు. ఐర్లండ్ రచయిత షెరిడాన్ లె ఫాను రాసిన ‘కార్మిల్లా’లో రక్తపిశాచి యువతి మరొక యువతిని మోహిస్తుంది, అది పుస్తకంలోకెక్కింది 1872లో, ‘డ్రాకులా’ కన్నా 25 ఏళ్లు ముందు. అక్కడ ఆ మోహాన్ని చూసి పాఠకుడు జడుసుకోవాలి, చివరకు ఆమెను సమాధిలోనే గుండెలో మేకు దింపి చంపుతారు. ఇప్పటి కిశోర నవలల్లో ఆ పిశాచే పగలు బయటకు రాలేక, ఇంట్లో నిజం చెప్పలేక, నలుగురిలో తానెవరో దాచుకుని తిరిగే పిల్లగా మారింది. మీ అమ్మాయి గీత గీసిన వాక్యంలో రక్తం ఊసే లేదు చూడండి.

నా అభ్యంతరం వేరొకటి. ఈ తరహా కథలు చాలావాటిలో వందల ఏళ్లు బతికిన పాత్ర పదిహేడేళ్ల పిల్ల వెంట పడుతుంది. నీ రక్తం కోసం తపిస్తున్నానంటే అదే గొప్ప ప్రేమగా చెలామణీ అవుతుంది. అబ్బాయిలూ అమ్మాయిల కథల్లోనూ ఇదే వరస. వయసులో, బలంలో అంత తేడా ఉన్నచోట ‘వద్దు’ అన్న మాట చెల్లుతుందా అని అమ్మాయితో తప్పక మాట్లాడండి, కానీ పుస్తకం మీరు చదివిన తరువాతే.

పిలవనిదే రక్తపిశాచి ఇంట్లోకి రాకూడదని ఆ కథల్లో ఒక కట్టుబాటు ఉంది. అమ్మాయి మనసు విషయంలో మీరూ అదే పాటించండి: ‘నువ్వు అలాంటిదానివా’ అని నిలదీయవద్దు, ఫోను వెదకవద్దు. అన్నయ్యగారికి ఇప్పటికే చెప్పేశారు కనుక, ఆ ప్రస్తావన మళ్లీ తేవద్దని ఈరోజే ఆయనకు గట్టిగా చెప్పండి. అమ్మాయి తిండీ నిద్రా తగ్గి ముభావంగా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.

పుస్తకాన్ని ఈ రాత్రికే ఆమె చేతికివ్వండి. ‘నీ రికార్డులో దొరికింది, అడక్కుండా తీశాను, తప్పే. నువ్వు చదివాక నాకిస్తావా?’ అంటే చాలు. ఇవ్వనంటే పట్టుపట్టకండి.