కౌంట్ బాగానే ఉంది కదా, ఫంగస్ ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: నా వయసు 34. గజ్జల్లో, నడుము చుట్టూ తామర ఎనిమిది నెలలుగా తగ్గడం, మళ్లీ రావడం. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రాస్తే నాలుగు రోజుల్లో దురద పోతుంది, ఆపితే మళ్లీ మొదలు. రక్తపరీక్షలో తెల్ల రక్తకణాలు 7,800 ఉన్నాయి. కణాలు సరిపడా ఉన్నా ఫంగస్‌ను ఎందుకు చంపడం లేదు? ఇమ్యూనిటీ పెరగడానికి ఏం వాడాలి? మా అమ్మకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. మోకాళ్ల నొప్పులకు మా ఊరి ఆర్ఎంపీ ఇచ్చిన చిన్న తెల్ల మాత్రలు రెండు నెలలుగా వేసుకుంటోంది. నాలుగు రోజులుగా కుడి బుగ్గ మొద్దుబారినట్టుంది, ముక్కు అటువైపే పట్టేసింది. ఆమె కౌంట్ 13,200, ఫాస్టింగ్ షుగర్ 290. నా ఫంగస్ ఆమెకు అంటుకుందా? కౌంట్ ఎక్కువే ఉంది కాబట్టి భయం లేదు కదా?

జవాబు: మీ తామర గురించి తర్వాత చెబుతాను. ముందు అమ్మగారిని ఈ రోజే ఈఎన్‌టీ డాక్టరు ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. రేపు కాదు, ఆదివారం చూసుకుని సోమవారం కాదు. అదుపులో లేని షుగర్, స్టెరాయిడ్ అని అనుమానించాల్సిన మాత్రలు, ముఖంలో ఒకవైపే మొద్దుబారడం, అదే వైపు ముక్కు పట్టేయడం, ఇవన్నీ ఒకే మనిషిలో కలిస్తే మ్యూకార్‌మైకోసిస్ కాదని తేలేదాకా అదేనేమో అన్న అనుమానంతోనే చూడాలి. 2021లో మనందరికీ బ్లాక్ ఫంగస్‌గా పరిచయమైన జబ్బే అది. మనిషిని చూడకుండా రాస్తున్నాను, కాబట్టి ఇది రోగ నిర్ధారణ కాదు. మామూలు సైనసైటిస్ కావచ్చు, పంటి చీము కావచ్చు. ఆ తేడా ఉత్తరం చదివి చెప్పేది కాదు, ముక్కులోకి ఎండోస్కోపు పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

బయల్దేరే ముందు సెల్‌ఫోన్ టార్చ్ వేసి ఆమె అంగిలి చూడండి. పాలిపోయిన మచ్చ గానీ, నల్లటి మచ్చ గానీ ఉందా? పై పళ్లలో ఏదైనా కొత్తగా కదులుతోందా? కంటి రెప్ప వాలడం, కన్ను ఉబ్బడం, ఒకటి రెండుగా కనిపించడం, చూపు మసకబారడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి. ఏమీ లేకపోయినా ప్రయాణం మానకండి. నల్లబడడం ఈ జబ్బులో మొదటి లక్షణం కాదు, ఆలస్యమైందని చెప్పే లక్షణం. ఎందుకో కింద రాస్తాను.

మీ దగ్గర్నుంచి ఆమెకు అంటుకోలేదు. తామర తెచ్చే ట్రైకోఫైటాన్ జాతి వేరు, ముక్కులో చేరే రైజోపస్ జాతి వేరు. రైజోపస్ మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, పాడైన రొట్టె మీద ఉంటుంది. దాని బీజాలు గాలిలో తేలుతూ రోజూ మనందరి ముక్కుల్లోకీ వెళ్తూనే ఉంటాయి. అయినా జబ్బు రాకపోవడానికి కారణం మీరు అడిగిన ఆ తెల్ల కణాలే.

ముక్కు జిగట, సన్నటి నూగు దాటి లోపలికి పోయిన బీజాలను మ్యాక్రోఫేజ్‌లనే కణాలు మింగుతాయి. రైజోపస్ బీజాన్ని అవి చాలాసార్లు వెంటనే చంపలేవు. మొలకెత్తకుండా పట్టి ఉంచుతాయి, అంతే. ఆ పట్టు సడలి బీజం మొలిచి పోగులు సాగితే (ల్యాబ్ రిపోర్టులో హైఫే అని రాస్తారు) న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్ల కణాలు రంగంలోకి దిగాలి. పోగు తనకంటే ఎన్నో రెట్లు పొడవు, కాబట్టి న్యూట్రోఫిల్ దాన్ని మింగలేదు. దాని వెంబడి అతుక్కుని ఆక్సిజన్ నుంచి తయారుచేసిన ఘాటైన రసాయనాలనూ ఎంజైములనూ దాని మీద కుమ్మరిస్తుంది. ఒక్కోసారి తన డీఎన్‌ఏనే వలలా బయటికి విసిరి పోగును అందులో చుట్టేస్తుంది. ఈ పనులన్నిటికీ కణం చురుగ్గా కదలాలి, సరైన చోటికి చేరాలి, చేరాక రసాయనం తయారుచేయాలి. కౌంట్ ఈ మూడింటిలో ఒక్కదాన్నీ కొలవదు. హాజరు పట్టీలో పేరుంటే పని జరిగినట్టు కాదు.

షుగర్ బాగా పెరిగిన రక్తంలో న్యూట్రోఫిల్ కదలిక మందగిస్తుంది, రసాయనం తయారీ తగ్గుతుంది. దానికి తోడు కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్లాలు) చేరి రక్తం ఆమ్లంగా మారితే ఇంకో ప్రమాదం. మామూలుగా ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆమ్లం పెరిగితే ఆ పట్టు వదులవుతుంది, విడిపోయిన ఇనుము రైజోపస్‌కు మేత. అదే సమయంలో రక్తనాళాల లోపలి గోడ మీద జీఆర్‌పీ78 అనే ప్రోటీన్ పెరుగుతుంది, ఫంగస్ దాన్ని పట్టుకుని నాళంలోకి చొరబడుతుంది. లోపల గడ్డకట్టి రక్తం ఆగిపోతుంది, ఆ మేరకు కండ, ఎముక చచ్చి నల్లబడతాయి. రక్తం అందని చోటికి న్యూట్రోఫిల్ వెళ్లలేదు, మందూ వెళ్లలేదు. అందుకే మందు ఎంత మంచిదైనా చచ్చిన భాగాన్ని ఆపరేషన్ చేసి తీసేయక తప్పదు. నాలుగు రోజులు ముందొస్తే ముక్కు సైనస్ వరకు తీస్తే సరిపోయేది, ఆలస్యమైతే కన్ను తీయాల్సి రావచ్చు.

ఇక ఆ 13,200 సంగతి. మీరు ధైర్యం తెచ్చుకున్న అంకె నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. మామూలుగా న్యూట్రోఫిల్స్‌లో పెద్ద భాగం రక్తనాళాల గోడలకు అంటిపెట్టుకుని, పిలుపు రాగానే కండలోకి దూరడానికి సిద్ధంగా ఉంటుంది. స్టెరాయిడ్ వేసుకుంటే ఆ అతుకు వదిలి అవన్నీ రక్తప్రవాహంలో పడతాయి. పరీక్షలో కౌంట్ పెరిగినట్టు కనబడుతుంది, నిజానికి ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి వెళ్లేవి తగ్గుతాయి. బీజాలను పట్టి ఉంచే మ్యాక్రోఫేజ్‌ల పట్టును కూడా స్టెరాయిడ్ సడలిస్తుంది, పైగా షుగర్‌ను తానే పెంచుతుంది. కాబట్టి ఆమె కౌంట్ ఇన్ఫెక్షన్ వల్ల పెరిగి ఉండొచ్చు, మాత్ర వల్ల పెరిగి ఉండొచ్చు, రెండూ కావచ్చు. ఇమ్యూనిటీ బాగుందనడానికి మాత్రం అది సాక్ష్యం కాదు.

ఆ మాత్రల స్ట్రిప్ వెనక పేరు చదవండి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్, ఏది ఉన్నా స్టెరాయిడే. సైజు చూసి చిన్న డోసు అనుకోవద్దు. డెక్సామెథాసోన్ 0.75 మిల్లీగ్రాములంటే ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాములతో సమానం. పొట్లంలో విడిగా ఇచ్చి ఉంటే ఆ పొట్లమే ఆసుపత్రికి పట్టుకెళ్లండి. ఒక్క జాగ్రత్త: మూడు వారాలు దాటి వాడిన స్టెరాయిడ్‌ను ఇంట్లో మీరే టక్కున ఆపకూడదు. శరీరం తన సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ తయారీ ఆపేసి ఉంటుంది, హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోవచ్చు. ఎంత తగ్గించాలో అక్కడి డాక్టరు చెబుతారు. మోకాళ్ల నొప్పికి నెలల తరబడి స్టెరాయిడ్ మింగడం వైద్యం కాదు. నొప్పి వెంటనే తగ్గుతుంది కాబట్టి ఎవరూ అనుమానించరు, నాకు బాధంతా అక్కడే. తెచ్చిచ్చిన మాత్ర పేరేమిటని ఇంట్లో ఒక్కరైనా అడగాల్సింది.

ఆసుపత్రిలో సాధారణంగా చేసేవి: షుగర్, కీటోన్లు, క్రియాటినిన్, పొటాషియం, ముక్కు ఎండోస్కోపీ, అనుమానం ఉన్న చోట చిన్న ముక్క తీసి కేఓహెచ్ పరీక్ష (మైక్రోస్కోపు కింద ఫంగస్ కోసం చూడడం), బయాప్సీ, సైనస్‌లకు, కంటికి, మెదడుకు కాంట్రాస్ట్ ఎంఆర్ఐ. కేఓహెచ్ ఫలితం కొన్ని గంటల్లోనే వస్తుంది. రక్తంలో ఫంగస్ పదార్థాలను వెతికే బీటా గ్లూకాన్, గెలాక్టోమనాన్ పరీక్షలు నెగెటివ్ వస్తే ఊరట చెందకండి, ఈ రకం ఫంగస్ వాటికి దొరకదు. మందు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ బి, కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల వయల్స్ రోజుకు ఆరు. కిడ్నీ, పొటాషియం పదేపదే చూస్తూ ఇవ్వాలి, ఇది ఇంట్లో చేసే వైద్యం కాదు. ఈలోగా ఎవరైనా ఫంగస్ మాత్ర అంటూ ఫ్లూకొనజోల్ ఇస్తే వేయకండి. ఈ ఫంగస్ మీద అదీ పనిచేయదు, వోరికొనజోల్ కూడా పనిచేయదు. ఆవిరి పడుతూ రెండు రోజులు చూద్దామనే ఆలోచన అసలే వద్దు. మీరు హైదరాబాద్ చుట్టుపక్కల ఉంటే కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి 2021లో ఈ జబ్బుకు నోడల్ కేంద్రంగా పనిచేసింది. వేరే చోటైతే బోధనాసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు మీ తామర. మీ కణాలు చేతగానివి కావు. తామర ఫంగస్ చర్మం పైపైన ఉండే చచ్చిన కెరటిన్ పొరలో బతుకుతుంది. అక్కడ రక్తనాళాలు ఉండవు, కాబట్టి రక్తంలో 7,800 ఉన్నా పోరు జరిగే చోట వాటి సంఖ్య స్వల్పం. అయినా శరీరం ఊరుకోదు. చర్మ కణాలు ఫంగస్ గోడలోని బీటా గ్లూకాన్ వంటి పదార్థాలను గుర్తించి కబురు పంపుతాయి, టి కణాలనే తెల్ల కణాలు ఐఎల్-17 వంటి రసాయన సంకేతాలు వదులుతాయి, న్యూట్రోఫిల్స్ పైకి వస్తాయి, పై పొర త్వరత్వరగా రాలి ఫంగస్‌ను తనతో పాటు తోసేస్తుంది. మీకు కనిపించే ఎర్రటి అంచు, పొలుసులు, దురద, అవన్నీ ఆ పోరాటమే. మీ క్రీములో క్లోబెటాసోల్ గానీ బీటామెథాసోన్ గానీ (రెండూ స్టెరాయిడ్లే) ఉండే ఉంటుంది, ట్యూబు మీద చూడండి. అది ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. ఎరుపు, దురద పోతాయి, ఫంగస్ తీరిగ్గా పక్కకు పాకుతుంది. ఆపగానే రెట్టింపుగా కనిపిస్తుంది. గజ్జల్లో నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి, ఆ చారలు పోవు.

ఇమ్యూనిటీ మందులు కొనకండి. మీకు లోటున్నది కణాల్లో కాదు. ఇమ్యూనిటీ కోసం తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు, ఆ దిక్కు వెళ్లొద్దు. మీకు అవసరమైంది షుగర్ పరీక్ష (ఇంట్లో షుగర్ ఉంది కదా), చర్మ వైద్యుడు, గీరిన పొలుసుతో కేఓహెచ్. ఇప్పుడు మన దేశంలో తిరుగుతున్న ట్రైకోఫైటాన్ ఇండోటినే రకంలో చాలావాటి మీద టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందు సరిగా పనిచేయడం లేదు, అందుకే ఇట్రాకొనజోల్ ఎక్కువగా రాస్తున్నారు. అది డాక్టరు రాస్తేనే వాడాలి. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కడుపునిండా తిన్నాక వేసుకోవాలి. గ్యాస్ కోసం పాంటోప్రజోల్ కూడా వేసుకుంటే సగం మందు ఒంటికి పట్టదు. గుండె బలహీనంగా ఉన్నవారు, కొన్ని రకాల కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవారు ముందుగా చెప్పాలి. పూత మందు మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర రాయాలి, మచ్చ కనిపించకుండా పోయాక కూడా కనీసం రెండు వారాలు కొనసాగించాలి. మీ టవల్, లోదుస్తులు విడిగా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఇంట్లో ఇంకెవరికి ఉన్నా ఒకేసారి వైద్యం చేయించాలి.

స్టెరాయిడ్ క్రీము మానేసిన మొదటి వారం పది రోజులు ఎరుపు, దురద ఎక్కువవుతాయి, ముందే చెబుతున్నాను. దురదకు మాత్ర మీ చర్మ వైద్యుణ్నే అడగండి. ఆ వారంలోనే చాలామంది మళ్లీ మెడికల్ షాపుకు వెళ్లి అదే ట్యూబు తెచ్చుకుంటారు.