హైస్కూల్ ఇంగ్లిష్ తరగతిలో అసైన్‌మెంట్లు ఎన్ని ఇవ్వాలి, ఎన్నిసార్లు గుర్తు చేయాలి?

మీరు ఈ ఏడాదే దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లిష్ టీచరుగా చేరారు. ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికి మూడేసి అసైన్‌మెంట్లు ఇస్తున్నారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ప్రతి రాత్రి గుర్తు చేస్తున్నా, తరగతికి నలభై ఐదు మందిలో ఇరవై మందికి మించి పని పూర్తి చేసి తేవడం లేదని, ఇంకా గట్టిగా గుర్తు చేయాలా లేక పనే తగ్గించాలా అని అడిగారు. హైదరాబాద్‌లో పద్దెనిమిదేళ్లుగా ఇవే తరగతులకు ఇంగ్లిష్ చెబుతున్నాను కాబట్టి సూటిగానే చెబుతాను. పని తగ్గించండి. గుర్తు పెట్టుకునే బాధ్యతను మీ ఫోన్ నుంచి తీసి పిల్లల చేతికి ఇవ్వండి.

ముందు ఒక లెక్క వేసుకుందాం. ఒక పేజీ ఉత్తరాన్ని చదివి, తప్పుల కింద గీత గీసి, చివర ఆ విద్యార్థికి పనికొచ్చే ఒక్క వాక్యం రాయడానికి నాకు ఐదు నిమిషాలు పడుతుంది. నలభై ఐదు పుస్తకాలకు 225 నిమిషాలు, అంటే నాలుగు గంటలకు పావుగంట తక్కువ. రెండు తరగతులకు మూడేసి అసైన్‌మెంట్లంటే వారానికి ఇరవై రెండున్నర గంటలు దిద్దడానికే పోతాయి. ఆరు పీరియడ్లు చెప్పి, బస్సులో ఇంటికి చేరి, వంట చేసుకునే మనిషికి అది సాధ్యమయ్యే పని కాదు. అందుకే అందరం చేసేదే చేస్తాం: టిక్కు కొట్టి, తేదీ వేసి, పొడి అక్షరాలు పెట్టి పుస్తకం తిరిగి ఇచ్చేస్తాం. ఆ సంగతి పిల్లలు రెండు వారాల్లో పసిగడతారు. నా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు పర్యావరణం మీద రాసిన వ్యాసం నడుమ ముందురోజు తాను తిన్న మిర్చి బజ్జీల గురించి నాలుగు వాక్యాలు రాసి, దానికి కూడా నేను టిక్కు కొట్టానని బెంచీ బెంచీకి తిరిగి చూపించాడు. నాకు కోపం వచ్చిన మాట నిజమే కానీ, ఆ వ్యాసం మొత్తంలో వాడు సొంతంగా రాసినవి ఆ నాలుగు వాక్యాలే.

అప్పటి నుంచి తరగతికి వారానికి ఒకే రాత పని ఇస్తున్నాను, ఇచ్చినదాన్ని పూర్తిగా చదువుతున్నాను. ఎనిమిదో తరగతి పుస్తకాలు మంగళవారం, తొమ్మిదో తరగతివి గురువారం నా బల్ల మీదికి రావాలి. సోమవారం గడువు ఎప్పుడూ పెట్టవద్దు. ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు పుస్తకం తెరిస్తే ఇంటిల్లిపాదికీ గొడవే మిగులుతుంది.

గుర్తు చేయడం విషయంలో నేను చేసిన తప్పు ఇంతకంటే పెద్దది. ఒక ప్రాజెక్టు కోసం పది రోజుల్లో పదకొండు సందేశాలు పంపాను. చివరి రోజున హయత్‌నగర్ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఖాళీ చేతులతో వస్తే, ఇన్నిసార్లు చెప్పినా పట్టదా అని తరగతి అందరి ముందు మందలించాను. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. ఆ సాయంత్రం స్నేహితురాలు వచ్చి చెబితే తెలిసింది: ఇంట్లో ఉన్న ఒకే ఒక ఫోన్ వాళ్ల నాన్నగారి దగ్గర ఉంటుంది. ఆయన బాటసింగారం పండ్ల మార్కెట్‌లో పని చేస్తారు, తెల్లవారుజామున మూడింటికే ఫోన్ పట్టుకుని వెళ్లిపోతారు, ఇంగ్లిష్ చదవరు. నా పదకొండు సందేశాలూ ఆయనకు చేరాయి, ఒక్కటీ ఆ పిల్లకు చేరలేదు. మరునాడు అదే తరగతి ముందు క్షమాపణ చెప్పాను. ఆ వారమే ఎవరింట్లో ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో, పిల్లల చేతికి ఏ వేళకు వస్తుందో చీటీల మీద రాయించుకున్నాను. సగం మందికి రాత్రి తొమ్మిది దాటితే తప్ప ఫోన్ అందదు. అందినవాళ్లలో కూడా చాలామంది నా సందేశాన్ని శుభోదయం బొమ్మల కింద వెతుక్కోవాలి.

రోజూ సందేశం వస్తుందని తెలిసిన పిల్లవాడు డైరీ రాయడం మానేస్తాడు, ఎలాగూ టీచరే గుర్తు చేస్తారన్న ధీమా ఏర్పడుతుంది. మనం ఎక్కువగా గుర్తు చేసేకొద్దీ వాళ్లు తక్కువగా గుర్తు పెట్టుకుంటారు. ఇంగ్లిష్ పాఠంలో ఎంత నేర్పినా, తన పని తాను రాసి పెట్టుకునే అలవాటు పదో తరగతికి చేరేలోపు రాకపోతే ఇంటర్‌లో ఆ పిల్లవాడికి దిక్కుతోచదు.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. పని ఇచ్చిన రోజు పీరియడ్ చివరి పది నిమిషాలు దానికే కేటాయిస్తాను. అందులో మొదటి రెండు నిమిషాలు బోర్డు మీద ఉన్నదాన్ని పిల్లలు డైరీలో ఎక్కించుకుంటారు, దాని కింద తమ సొంత వాక్యం ఒకటి రాస్తారు: ఈ పని ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ కూర్చుని చేస్తాను. ‘బుధవారం సాయంత్రం ఆరింటికి, ట్యూషన్ నుంచి రాగానే, మేడ మీద’ అన్నంత వివరంగా ఉండాలి. ఇది నా సొంత ఆలోచన కాదు. పీటర్ గోల్‌విట్జర్, వెరోనికా బ్రాండ్‌స్టాటర్ అనే మనస్తత్వవేత్తలు 1997లో ప్రచురించిన అధ్యయనంలో, క్రిస్మస్ ముందురాత్రి ఎలా గడిపారో సెలవుల్లోనే 48 గంటల్లోపు రాసి పంపమని విద్యార్థులను అడిగారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకున్నవారిలో పని పూర్తి చేసినవాళ్లు, అలా నిర్ణయించుకోనివారితో పోలిస్తే రెట్టింపు కంటే ఎక్కువ. వాళ్లు పరీక్షించింది విశ్వవిద్యాలయ విద్యార్థులను, మన దగ్గర ఉన్నది పద్నాలుగేళ్ల పిల్లలు. అయినా తరగతి గదిలో తేడా నాకు మొదటి నెలలోనే కనిపించింది. పైగా అది ఇంగ్లిష్ వాక్యమే కాబట్టి భవిష్యత్ కాలం ప్రత్యేకంగా చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది.

మిగిలిన ఎనిమిది నిమిషాల్లో ఆ రాత పనిలోని మొదటి రెండు వాక్యాలు అక్కడే రాయిస్తాను. నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మన పిల్లల్లో చాలామంది పనిని మరచిపోరు, మొదలుపెట్టలేక ఆగిపోతారు. ఇంట్లో అడగడానికి ఇంగ్లిష్ తెలిసినవారు లేనప్పుడు ఖాళీ పేజీ వాళ్లను భయపెడుతుంది, ఆ భయాన్నే మనం మతిమరుపు అనుకుంటాం. రెండు వాక్యాలు ఉన్న పేజీని ఇంటికి పంపితే మూడో వాక్యం ఎలాగో పుడుతుంది. అవసరమైతే ముందు తెలుగులోనో ఉర్దూలోనో చెప్పమని, తర్వాత ఇంగ్లిష్‌లోకి తెచ్చుకోమని నేనే అంటాను. ఇంగ్లిష్ మీడియం బడిలో అలా చెప్పడం కొందరు ప్రిన్సిపాళ్లకు నచ్చదు, ఆ ఇబ్బంది మీకూ ఎదురుకావచ్చు.

ఎలాంటి పని ఇస్తున్నారో కూడా ఒకసారి చూసుకోండి. డిస్కోర్సుల పేరుతో ఉత్తరం, డైరీ, సంభాషణ, వార్తా నివేదిక ఇస్తాం, వాటికి జవాబులన్నీ గైడులో ఉంటాయి, ఇప్పుడు ఫోన్ కూడా రాసి పెడుతుంది. ఒక్కసారి నాకు ముప్ఫై ఒక్క మంది నుంచి ఒకే నివేదిక వచ్చింది, అందులో వరద వచ్చిన ఊరి పేరు కూడా ఒకటే. దాని బదులు, బడికి వచ్చే దారిలో కనిపించిన ఇంగ్లిష్ బోర్డుల్లో తప్పులున్న మూడింటిని రాసుకుని, సరిచేసి, ఆ దుకాణదారుకు మర్యాదగా ఒక ఉత్తరం రాయమన్నాను. టిఫిన్ సెంటర్ల మీద ‘పార్శిల్’ స్పెల్లింగ్ ఎన్ని రకాలుగా ఉంటుందో ఆ వారంలోనే నాకు తెలిసింది. కాపీ కొట్టడానికి వీలు లేదు, ఎందుకంటే ఎవరి దారి వారిది. ఒక పిల్లవాడు ఉత్తరాన్ని నిజంగానే తీసుకెళ్లి దర్జీకి ఇచ్చాడు. ఆయన బోర్డు మార్చలేదు గానీ, వాడి చొక్కా గుండీలు ఉచితంగా కుట్టి ఇచ్చాడట.

మార్కుల సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా మీ ప్రశ్నకు సంబంధం ఉంది కాబట్టి చెబుతాను. మన రాష్ట్ర సిలబస్‌లో ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే పాఠాలు నడుస్తుండగానే వేసే మార్కులు), రెండు ఎస్ఏలు (సమ్మేటివ్ అసెస్‌మెంట్, అంటే పెద్ద పరీక్షలు) జరుగుతాయి. నేను మార్కులు వేస్తూ వచ్చిన పద్ధతిలో ఒక్కో ఎఫ్ఏకు 20 మార్కులు: చదివినదాని మీద స్పందన, రాత పని, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు, ఒక్కోదానికి అయిదేసి. మార్కులు ఎక్కించే తేదీ దగ్గర పడగానే టీచర్లందరూ ఒకేసారి పుస్తకాలు తెమ్మంటారు. ఆ వారంలో పిల్లవాడి మీద ఆరు సబ్జెక్టుల ప్రాజెక్టులు పడతాయి. అందుకని నేను ఇంగ్లిష్ ప్రాజెక్టు గడువును అందరికంటే రెండు వారాలు ముందు పెట్టి, సైన్సు, సోషల్ టీచర్లకు ఆ తేదీ చెబుతాను. అలాగే దసరా సెలవులు ముగిసిన మొదటి రోజున ఏదీ అడగను. బతుకమ్మకు ఊరు వెళ్లిన కుటుంబాలు తిరిగి వచ్చే బస్సుల్లో సీట్లు దొరక్క ఒకటి రెండు రోజులు ఆలస్యంగా దిగుతాయి, మూడో రోజు అడిగితేనే న్యాయం. గణేశ్ నిమజ్జనం వారంలోనూ అంతే.

గడువు తప్పినవారి పేర్లు బోర్డు మీద రాయడం నేను కొన్నేళ్లు చేశాను. పేరు ఎక్కడం అలవాటైపోయాక సిగ్గు కూడా పోతుంది, అందుకే ఆపేశాను. ఇప్పుడు వాళ్లు మరునాడు లంచ్ విరామంలో పదిహేను నిమిషాలు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నా ఎదురుగా కూర్చుని మూడు వాక్యాలు రాసి వెళ్తారు. మార్కు కోయను. వరుసగా మూడుసార్లు తప్పితే ఇంటికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడతాను, ఉర్దూ మాట్లాడే ఇళ్లకు మా హిందీ మేడం సాయం తీసుకుంటాను.

వాట్సాప్ గ్రూపును మూసేయనక్కర్లేదు. సెలవు రోజులు, పరీక్ష తేదీలు, వానకు బడి లేదన్న కబురు పంపడానికి అది ఉండాలి. అసైన్‌మెంటుకు మాత్రం వారానికి ఒక్కటే, గడువుకు ముందురోజు సాయంత్రం, అరనిమిషం తెలుగు వాయిస్ మెసేజ్ చాలు: ‘మీ అమ్మాయి డైరీలో ఈ వారం ఏం రాసుకుందో ఒకసారి చూపించమనండి’ అని. ఇంగ్లిష్ రాని తల్లి కూడా డైరీ తెరిపించగలదు. రెండు తరగతుల్లోనూ ఒకేసారి పద్ధతి మార్చకండి, ఎనిమిదో తరగతితో మొదలుపెట్టి ఒక ఎఫ్ఏ పూర్తయ్యేదాకా చూడండి. మొదటి రెండు వారాలు ఇరవై పుస్తకాలు కాస్తా పదిహేనుకు పడిపోవచ్చు, నాకు అలాగే జరిగింది. మూడో వారంలో ఆ హయత్‌నగర్ అమ్మాయి పుస్తకం నా బల్ల మీద అన్నిటికంటే ముందు ఉంది.