అమావాస్య చూసుకుని వెళ్ళండి

అమ్మడూ,

ఈ చలికాలంలో కరీబియన్ దీవులకి వెళ్దామనుకుంటున్నామని నువ్వు చెప్పినప్పటి నుంచీ నా మనసంతా అక్కడే ఉంది. ముందుగా ఒక మాట. మీ ఇద్దరి వీసా స్టాంపింగ్ గడువు అయిపోయిందన్నావు. అలాంటప్పుడు జమైకా, అరూబా, బహామాస్ ఆలోచన మానుకోండి. కొత్త స్టాంపు లేకుండా అమెరికాకి తిరిగి రావడం కుదరదు. కెనడా, మెక్సికో వెళ్ళొచ్చే హెచ్1బీ వాళ్ళకి ఉన్న ముప్పై రోజుల వెసులుబాటు ఈ దీవులకి వర్తించదు. ప్యూర్టో రికో అయితే అమెరికాలో భాగమే, ఆ టెన్షన్ ఉండదు. అయినా పాస్‌పోర్టులు, ఐ-797 కాగితాలు (హెచ్1బీ ఆమోద పత్రాలు) దగ్గరే ఉంచుకోండి.

ప్యూర్టో రికో రాజధాని శాన్ హువాన్‌లో రెండు రోజులు చాలు. తర్వాత తూర్పు తీరంలోని సెయిబా ఊరి నుంచి ఫెర్రీ ఎక్కి వియెకెస్ దీవికి వెళ్ళండి. టికెట్లు ముందే కొనండి, అక్కడ నివాసం ఉండేవాళ్ళకే మొదటి చోటు. అద్దె కారు సెయిబాలోనే వదిలేసి, దీవిలో వేరేది తీసుకోవాలి.

వియెకెస్ వెళ్ళేది మస్కిటో బే కోసం. ఆ నీళ్ళలో కంటికి కనపడని జీవులు ఉంటాయి. నీరు కదిలితే చాలు, నీలంగా వెలుగుతాయి. మేము మొదటిసారి తెలియక పౌర్ణమికి వెళ్ళాం. వెన్నెల్లో ఏమీ కనపడలేదు, పిల్లలు ఏడుపు ముఖాలతో తిరిగొచ్చారు. రెండోసారి పంచాంగం చూసుకుని అమావాస్యకి వెళ్ళాం. తెడ్డు ముంచితే దాని చుట్టూ వెలుగు సుడి తిరిగింది. పడవ కింద నుంచి ఒక చేప దూసుకుపోతే దాని వెనకే నీలం గీత సాగింది. మీ పెదనాన్న చాలాసేపు తెడ్డు వెయ్యడమే మర్చిపోయారు. మీ అమ్మ అమావాస్య ప్రయాణం వద్దంటుంది, నాకు తెలుసు. రెండు రోజుల ముందే బయల్దేరండి, అమావాస్యకి అక్కడే ఉంటారు. ఆ నీళ్ళలో ఈత నిషేధం, దిగొద్దు.

ఇంకో సంగతి. 2003 దాకా అమెరికా నౌకాదళం ఆ దీవిలో దశాబ్దాల పాటు బాంబుల సాధన చేసింది. పేలని గుండ్లు ఇంకా ఉన్నాయి. కంచె, బోర్డు ఉన్న చోట అడుగు పెట్టకండి, తీరం ఎంత ఖాళీగా, అందంగా కనిపించినా సరే.

అల్లుడు మాంసం ముట్టడు కదా, తిండి విషయంలో జాగ్రత్త. మొఫోంగో అంటే అరటికాయ ముక్కలు వేయించి, వెల్లుల్లి వేసి చెక్క రోట్లో దంచుతారు. మన నోటికి బాగా నచ్చుతుంది, కానీ చాలాచోట్ల పంది మాంసం కలుపుతారు. గందూలెస్ అన్నంలోనూ అంతే. గందూలెస్ అంటే ఏమిటో అనుకున్నాను, పళ్ళెంలో చూస్తే మన కందులే! ‘సిన్ కార్నే, సిన్ హమోన్’ అని అడగండి, మాంసమూ, హామ్ అనే పంది మాంసమూ లేకుండా అని అర్థం.

తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో సామాను తనిఖీ చేస్తారు. మామిడిపళ్ళు కొని సంచిలో పెట్టుకోకండి, తీసేసుకుంటారు.

సెలవు దొరికే వారాలు ఏవో రాసి పంపు. అమావాస్య ఎప్పుడొస్తుందో నేను చూసి చెబుతాను. టికెట్లు ఆ తర్వాతే కొనండి.

ప్రేమతో,
పెద్దమ్మ