సమాధానం: మాగ్నవాక్స్ కన్సోల్‌లో గుంయ్‌మనే మోత, సాగుతున్న పాట

నమస్తే అండీ. అమెరికా నుంచి హైదరాబాద్ తెచ్చిన కన్సోల్‌కి (రికార్డు ప్లేయరు, ట్యూబుల ఆంప్లిఫయర్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉండే పాతకాలం సెట్టు) 110 వోల్టుల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా రికార్డు నెమ్మదిగా తిరుగుతోందని, రెండు స్పీకర్లూ గుంయ్‌మంటున్నాయని రాశారు. ఇవి రెండూ వేర్వేరు జబ్బులు.

స్టెప్‌డౌన్ వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, మన దగ్గర 50. మోటారు ఆ ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది కాబట్టి నిమిషానికి 33⅓ చుట్లు కాస్తా 28 దగ్గరికి పడిపోతుంది. సుశీల గారి గొంతు మగ గొంతులా వినబడటం అందుకే! మోటారుకీ రికార్డు పళ్లేనికీ మధ్య తిరిగే రబ్బరు చక్రం మార్చమని మెకానిక్ అన్నాడన్నారు. దాని సైజుతో వేగం మారదు, డబ్బు దండగ. వేగం సరవ్వాలంటే మోటారు షాఫ్ట్ మీది మెట్ల పుల్లీలో (ఒక్కో వేగానికి ఒక్కో మెట్టు) ప్రతి మెట్టూ ఇప్పుడున్న దానికి 1.2 రెట్లు లావుండాలి. లేత్ పనివాడు ఇత్తడితో చేసిస్తాడు. ఎండిన గ్రీజు మాత్రం తుడిచెయ్యండి.

మోతకి మాత్రం ముందు అనుమానించాల్సింది ఫిల్టర్ కండెన్సర్లని (పవర్ సప్లైలో కరెంటు ఒడిదుడుకుల్ని చదును చేసేవి). అవి మార్చేదాకా స్విచ్ వెయ్యకండి. ప్లగ్ పీకేసినా లోపల 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే మొండి పద్ధతి వద్దు.

తర్వాత కప్లింగ్ కండెన్సర్లు, అంటే ఒక ట్యూబు నుంచి తర్వాతి ట్యూబుకి పాటని పంపి, డీసీ వోల్టేజీని ఆపేవి. స్పీకర్లని నడిపే మీ ట్యూబులు 6బీక్యూ5 రకమైతే వాటి రెండో పిన్ దగ్గర దాదాపు సున్నా వోల్టులు ఉండాలి. పాజిటివ్ వోల్టేజీ కనిపిస్తే చాలావరకు కండెన్సర్ లీకవుతున్నట్టే, ట్యూబు లోపలి ప్లేటు ఎర్రబడి పోతుంది. అది తేలకుండా కొత్త ట్యూబులు కొనకండి.