నీళ్లు ఇగిరే చప్పుడు

నాన్నా,

నీ ఉత్తరం చదివాను. ఉల్లిపాయలు మాడాయి, అన్నం ముద్దయింది, ముక్కలు పెనానికి అతుక్కుపోయాయి, గిన్నె అడుగంటింది. వరసగా నాలుగూ రాసి, ఇక నాకు వంట రాదని నువ్వే తేల్చేశావు. అవి నాలుగు తప్పులు కావురా, ఒకటే. గిన్నెలో తడి ఎంతుందో, అది ఎప్పుడు ఇగిరిపోతోందో చూసుకోలేదు. ముందు ఆ సంగతి పట్టుకో. మసాలాల పాళ్లు తర్వాత తీరిగ్గా నేర్చుకోవచ్చు.

నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా మూత లేని గిన్నెలో వేడి అంతకు మించి పెరగదు, నీళ్లు తొందరగా ఆవిరైపోతాయి అంతే. కుతకుత ఉడుకుతున్న గిన్నె కింద పెద్ద మంట పెడితే వంట త్వరగా అవదు, అడుగు త్వరగా మాడుతుంది. ఏదైనా ఎర్రగా వేగి కమ్మటి వాసన రావాలంటే దాని పైభాగం సుమారు 140 డిగ్రీలు దాటాలి. పైన తడి ఉన్నంతసేపు అంత వేడెక్కదు. అందుకే తడి ఉంటే ఉడకడం, తడి పోతే వేగడం, ఇంకా ఆగితే మాడడం. ఈ మూడు మజిలీలూ చెవికి తెలుస్తాయి.

ఉల్లిపాయలతోనే మొదలుపెట్టు. దానికంటే మంచి పాఠం లేదు. ఉల్లిపాయలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. రెండు మధ్యరకం పాయలు తీసుకుని అన్నీ ఒకే మందంగా, 3 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా తరుగు. మందం తేడా ఉంటే సన్నవి మాడేసరికి లావువి పచ్చిగానే ఉంటాయి. ‘మంట ఎక్కువైంది’ అనుకునే చోట చాలాసార్లు అసలు తప్పు కత్తి దగ్గరే జరిగి ఉంటుంది. వెడల్పాటి మూకుడులో రెండు టేబుల్‌స్పూన్ల నూనె వేడిచేసి, ముక్కలు వేసి, పావు టీస్పూను ఉప్పు చల్లు. ఉప్పు లోపలి నీళ్లను బయటికి లాగుతుంది కాబట్టి ముక్క సమంగా మెత్తబడుతుంది. మంట మధ్యస్థంగా ఉండాలి.

ఇప్పుడు విను. మొదట గట్టిగా సుయ్యిమని ఒకటే చప్పుడు, పైన దట్టంగా ఆవిరి. అదంతా నీళ్లు పోతున్న చప్పుడే. ఆ సమయంలో నిమిషానికోసారి కలిపితే చాలు, మాడే ప్రమాదం లేదు. ఆరేడు నిమిషాలకు ముక్కలు అద్దంలా తేటపడి, కుప్ప సగానికి దిగుతుంది. చప్పుడు పలచబడి, విడివిడిగా చిటపటలు వినిపిస్తాయి. సరిగ్గా అక్కడే మంట తగ్గించాలి. చాలామంది అక్కడే ఫోను చూస్తూ నిలబడతారు. అంచులు దోరగా మారాక రంగు చాలా వేగంగా వస్తుంది. మొదటి పది నిమిషాల్లో రాని మార్పు చివరి రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. నీకు కావలసిన రంగుకు ఒక ఛాయ ముందే స్టవ్ కట్టేయి, మూకుడులో మిగిలిన వేడికి ఆ ఛాయ దానంతటదే వస్తుంది.

మొత్తం 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. ‘ఉల్లిపాయలను ఐదు నిమిషాలు ఎర్రగా వేయించండి’ అని ఎక్కడైనా చదివితే నమ్మకు. ఐదు నిమిషాల్లో ఎర్రబడినవి పైపైన మాడినవే. మధ్యలో అడుగున గోధుమరంగు మరక పడుతుంటే రెండు టేబుల్‌స్పూన్ల నీళ్లు చిలకరించి గరిటెతో గీకు. ఆ మరక కరిగి మళ్లీ ఉల్లిపాయలకే పడుతుంది, రుచి అందులోనే ఉంది. మరక నల్లబడితే మాత్రం ఇక బాగుపడదు. చక్కెర వేసినా, టమాటా వేసినా చేదు పోదు. పారేసి మళ్లీ తరుగు. రెండు ఉల్లిపాయలకు మొహమాటపడితే కూరంతా పోతుంది.

వెల్లుల్లిని ఉల్లిపాయతో కలిపి వేయకు. అందులో నీళ్లు తక్కువ, పైగా సన్నగా తరుగుతాం, అర నిమిషం నుంచి నిమిషంలోపే వేగిపోతుంది. ఉల్లిపాయ రంగు వచ్చాక వెయ్యి. పొడి మసాలాలు దానికంటే సున్నితం. వాటిని వేసిన పది, పదిహేను సెకన్లకే టమాటానో నీళ్లో పడాలి, అందుకని అవి పక్కనే సిద్ధంగా ఉండాలి. మూత తీసి డబ్బాలు వెతుక్కునే పని నూనె కాగకముందే అయిపోవాలి.

అన్నం సంగతికొస్తే, నువ్వు రాసినదాన్నిబట్టి నీళ్లు ఎక్కువయ్యాయి. అదీ ఎందుకంటే ఒక కప్పు కొలతను మూడుతో హెచ్చవేశావు. బియ్యం నిజంగా పీల్చుకునేది దాదాపు తనంత నీళ్లే. మిగతావి ఆవిరిగా పోయేందుకు పోస్తాం. బియ్యం మూడింతలైనా గిన్నె, మూత అవే కాబట్టి ఆవిరి మూడింతలు కాదు. కడిగి 20 నిమిషాలు నానబెట్టిన తెల్లబియ్యం ఒక కప్పుకు ఒకటిన్నర కప్పుల నీళ్లు పొయ్యి. మూడు కప్పులకు నాలుగున్నర అక్కర్లేదు, మొదటిసారి మూడున్నర కప్పులతో చూడు. పాత బియ్యం కాస్త ఎక్కువ తాగుతాయి, కొత్తవి తక్కువ. కొత్త సంచి విప్పినప్పుడల్లా మొదటి వంట పరీక్షే అనుకో.

ఎసరు మరిగాక మూత బిగించి, మంట పూర్తిగా తగ్గించి 12 నిమిషాలు. తర్వాత స్టవ్ కట్టేసి, మూత తియ్యకుండా ఇంకో 10 నిమిషాలు వదిలెయ్. ఈ పది నిమిషాల్లోనే అడుగున ఉన్న తడి పైకి సర్దుకుంటుంది. ఆగలేక మూత తీసి కలిపితే పైన పలుకు, అడుగున ముద్ద. పలుకుగా ఉంటే రెండు టేబుల్‌స్పూన్ల వేడినీళ్లు చల్లి, మూత పెట్టి, సన్నని సెగ మీద ఐదు నిమిషాలు ఉంచు. చిమిడిన అన్నాన్ని మాత్రం వెనక్కి తేలేం, వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆవిరి పోనివ్వడమే. ఇవన్నీ తలనొప్పిగా ఉంటే నీళ్లు ఎక్కువ పోసి ఉడికించి గంజి వార్చెయ్. అదేమీ తక్కువ రకం వంట కాదు, కొలత తప్పే అవకాశమే లేని పద్ధతి.

ముక్కలు పెనానికి అతుక్కోవడం కూడా తడి గొడవే. కడిగిన బంగాళాదుంప ముక్కలు బట్టతో బాగా ఒత్తి తుడిచావా? తడిముక్కలు వేసినా, పెనం నిండా కుక్కినా, ఆవిరి బయటికి పోలేక అవి ఉడికి మెత్తబడతాయి. ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే వరసగా పరుచు, ఎక్కువుంటే రెండు విడతలుగా వేయించు. స్టీలు పెనమైతే నూనె పోసేముందు ఒక నీటిచుక్క వెయ్యి. చుక్క బుసబుసమని ఇగిరిపోతే ఇంకా చాలదు. పాదరసపు గోళీలా దొర్లితే పెనం సిద్ధం. అప్పుడు నూనె, వెంటనే ముక్కలు. వేశాక మూడు నిమిషాలు కదపకు. అడుగు ఎర్రబడ్డాక ముక్క చాలావరకు తనే వదులుతుంది, వదలకపోతే ఇంకా వేగలేదని అర్థం. నాన్‌స్టిక్ పెనానికి మాత్రం ఈ పరీక్ష చెయ్యకు, వట్టి పెనం అంత కాలితే పూత పాడవుతుంది.

ఇక అడుగంటిన గిన్నె. మాడు వాసన రాగానే మన చెయ్యి గరిటె మీదికే పోతుంది. అదే కొంప ముంచేది. స్టవ్ కట్టేసి, గరిటె పెట్టకుండా, పైనున్న కూరను ఇంకో గిన్నెలోకి మెల్లగా వంచు. జారినంతే తీసుకో, గీకకు. ఆ తర్వాత చెంచాతో రుచి చూడు. వాసన పట్టకపోతే వేడినీళ్లు కలిపి వంట పూర్తిచేసుకోవచ్చు, పట్టి ఉంటే దాచే మార్గం లేదు. చిక్కటివే ఎందుకు ఎక్కువ అడుగంటుతాయంటే, పలచటి పులుసులో వేడి నీళ్లు పైకి, చల్లవి కిందికి వాటంతటవే తిరుగుతాయి. పిండో పప్పో చేరి చిక్కబడితే ఆ తిరుగుడు ఆగిపోతుంది, అడుగున ఉన్నది అక్కడే ఉండి కాలుతుంది. కాబట్టి చిక్కబడేకొద్దీ మంట తగ్గాలి, కలపడం పెరగాలి. మాడిన స్టీలు గిన్నెలో నీళ్లు, రెండు చెంచాల వంటసోడా వేసి పది నిమిషాలు మరిగించి రాత్రంతా వదిలేస్తే పొర లేచొస్తుంది. అల్యూమినియం గిన్నెకు సోడా వాడకు, నల్లబడుతుంది.

గింజలు ఎంతకీ ఉడకడం లేదంటే టమాటా, చింతపండు, నిమ్మరసం లాంటి పులుపు ముందే వేశావేమో చూసుకో. పులుపు తగిలితే పైపొర గట్టిగానే ఉండిపోతుంది. మెత్తబడ్డాకే పులుపు వెయ్యాలి. రాజ్మా గింజల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. అవి పచ్చిగానో అరకొరగానో ఉడికితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కళపెళా 30 నిమిషాలు మరిగించాలి. సన్నని సెగ మీద గంటలతరబడి ఉంచితే సరిపోదు. కుక్కర్లో గింజలు, నీళ్లు కలిపి సగానికి మించకూడదు, నురగ పైకి పొంగి ఆవిరి గొట్టానికి అడ్డుపడుతుంది.

ఉప్పు. నీళ్లతో కలిపి కిలో కూరకు 8 నుంచి 10 గ్రాములు, అంటే మెత్తని ఉప్పు ఒకటిన్నర టీస్పూను. కల్లుప్పు చెంచాలో తక్కువ బరువు తూగుతుంది, రెండింటినీ ఒకే చెంచాతో కొలవకు. ముందు ముప్పాతిక వంతే వెయ్యి. పులుసు ఇగిరేకొద్దీ నీళ్లు పోతాయి, ఉప్పు మాత్రం పోదు. మొదట్లో సరిపోయిన ఉప్పు చివరికి ఎక్కువవడం అందుకే. ఎక్కువైతే బంగాళాదుంప వెయ్యమంటారు. దుంప ఉప్పునీళ్లను పీలుస్తుంది కానీ ఉప్పును విడిగా ఏరుకోలేదు, మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పు లేని పదార్థమో నీళ్లో కలిపి పెంచడం ఒక్కటే దారి.

గుడ్లకు గడియారం చాలు. ఫ్రిజ్‌లోంచి తీసినవి మరిగే నీళ్లలో గరిటెతో దించితే 7 నిమిషాలకు సొన జారుగా, 12 నిమిషాలకు గట్టిగా ఉంటాయి. తీయగానే చల్లనీళ్లలో వెయ్యి. మరీ తాజా గుడ్లకు పెంకు సరిగ్గా రాదు, అది నీ తప్పు కాదు.

ప్రమాదాల గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. నూనె పొగలు కక్కుతుంటే వెంటనే స్టవ్ కట్టేయి. అంటుకుంటే నీళ్లు పొయ్యకు. నీళ్లు నూనె కిందికి దిగి, ఒక్కసారిగా ఆవిరై, 1,600 రెట్లకు పైగా ఉబ్బి మండే నూనెను గదంతా చిమ్ముతాయి. స్టవ్ కట్టేసి, లోహపు మూత పక్కనుంచి జరిపి కప్పి, చల్లారేదాకా తియ్యకు, మూకుడు ఎత్తి ఎక్కడికీ తీసుకెళ్లకు. మూతతో అణగకపోతే అక్కడ నిలబడకు, అందరినీ బయటికి పంపి నువ్వూ వచ్చేసి అగ్నిమాపకదళాన్ని పిలువు. మసిగుడ్డ ఎప్పుడూ పొడిగా ఉండాలి. తడిగుడ్డతో కాలే గిన్నె పట్టుకుంటే వేడి క్షణంలో చేతికి తగులుతుంది, పట్టు వదిలేస్తావు. చెయ్యి కాలితే కుళాయి కింద 20 నిమిషాలు పెట్టు. ఐసు, వెన్న, పళ్లపొడి వద్దు. తరిగే పలక కింద తడిబట్ట పరిస్తే జారదు. గుండ్రటివాటిని ముందు రెండుగా కోసి, చదునువైపు కిందికి పెట్టి తరుగు.

మిగిలిన అన్నాన్ని రెండు గంటల్లోపు వెడల్పాటి డబ్బాలో పలచగా సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు అందులో ఉంటాయి. రాత్రంతా బయట ఉంటే అవి పెరిగి విషం విడుస్తాయి, పొద్దున్నే ఎంత వేడిచేసినా ఆ విషం పోదు.

ఈ వారం కొత్త వంటలేమీ వద్దు. ఒకే కూరను మూడుసార్లు చెయ్యి, ప్రతిసారీ ఒక్కటే మార్చు: ఒకసారి మంట, ఒకసారి ముక్క మందం, ఒకసారి ఉప్పు వేసే వేళ. రెండు మార్చావంటే దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఈసారి ఉత్తరంలో ఉల్లిపాయల చప్పుడు ఎన్నో నిమిషంలో మారిందో రాయి. మూకుడు వెడల్పు ఎంతో కూడా కొలిచి రాయి, అది చూస్తే నీ స్టవ్‌కు ఎంత మంట పెట్టాలో చెప్తాను.

ఆశీస్సులతో,
పెద్దత్త